శక్కర్‌నగర్‌లో నవంబర్ ఆదివారం

నవంబర్ వచ్చిందంటే మా లైన్‌లో, అంటే మా క్వార్టర్ల వరుసలో, పెద్దవాళ్లందరికీ ఒకటే టెన్షన్, లైఫ్ సర్టిఫికెట్. బతికే ఉన్నామని ఏడాదికోసారి చెప్పుకోకపోతే పింఛను ఆగిపోతుంది. ప్రావిడెంట్ ఫండ్ పింఛను వాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. అయినా నవంబర్ దాటితే వీళ్లకు నిద్రపట్టదు. ఈ రోజు సెలవు కదా, పొద్దున్నే వంట ముగించుకొని, ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకొని బయల్దేరాను.

నవంబర్ అంటే ఒకప్పుడు మా చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడించే సీజన్ (క్రషింగ్) మొదలయ్యే నెల. ఈ పాటికి బాయిలర్లు రాజేసేవాళ్లు. చెరకు పిప్పినే బాయిలర్లలో మండించేవాళ్లు కాబట్టి గాలి మా వైపు తిరిగితే సన్నని నల్లటి మసి వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. చేత్తో దులిపితే మరక ఇంకా సాగుతుంది, ఊదాలి. అమ్మ తెల్ల బట్టలన్నీ ఆఫ్ సీజన్‌కి దాచిపెట్టేది. నాయిన మిల్ హౌస్‌లో ఫిట్టర్. క్రషింగ్ నడిచినన్నాళ్లూ షిఫ్టుల మీద ఉండేవాడు, ఎండాకాలం ఓవర్‌హాలింగ్‌లో రోలర్లు విప్పుకుంటూ గడిపేవాడు. మా ఇంట్లో పెళ్లి ముహూర్తాలు కూడా క్రషింగ్ ఎప్పుడు అయిపోతుందో చూసుకొని పెట్టేవాళ్లు.

తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. మాది నిజామాబాద్ జిల్లా బోధన్‌ని ఆనుకొని ఉన్న కాలనీ. 1931లో మంజీరా మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, ఆ చెరకును నమ్ముకొని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఫ్యాక్టరీ కోసం మా కాలనీ పుట్టింది. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ సేద్యం మొదలుపెట్టిన రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తాం. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా పెద్దవాళ్లు చెప్పుకునే ఆ మిల్లు 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటనతో ఆగింది. అంతకుముందు, 2002లోనే, సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. ఇదంతా అందరికీ తెలిసిన సంగతే. మూతపడిన తర్వాత ఇక్కడ మనుషులు ఎలా ఉన్నారన్నది మాత్రం ఎవరూ రాయరు.

మొదట పాన్ కాక ఇంటికి వెళ్లాను. ఆయన ఫ్యాక్టరీలో పాన్ మ్యాన్, అంటే చక్కెర పాకం మరిగించే పెద్ద పాత్ర (పాన్) దగ్గర పని చేసినవాడు. అసలు పేరుతో పిలిచే వాళ్లు ఇప్పుడు లైన్‌లో ఎవరూ లేరు. నన్ను చూడగానే, "ఒచ్చినవా బిడ్డా, పొద్దటి సంది సూస్తున్న. సెంటర్ల ఏలు పడ్తలేదన్నరు" అన్నాడు. వేలిముద్రలు పడకపోవడం మా దగ్గర మామూలే. ఇనుము పట్టిన చేతులు, వేడి పాకం తగిలిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి చేయొచ్చు కాబట్టి నయం. లోపల వెలుతురు చాలక యాప్ తీసుకోలేదు. కుర్చీ బయట వేసి, వెనక సున్నం గోడ వచ్చేలా కూర్చోబెట్టాను. "కండ్లు ఆర్పు కాకా" అంటే గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. చిన్నమ్మ పక్కన నిలబడి, "మూసుడు కాదయ్యా, మూసి తెరువు" అని తానే చేసి చూపించింది. చివరికి పచ్చ గీత పడింది, కాసేపటికి మెసేజ్ కూడా వచ్చింది. ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివించుకున్నాడు.

పని అయ్యాక చాయ్ తాగుతూ పాన్ సంగతి అడిగాను. ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా. ఆయన చెప్పినంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. రసాన్ని సున్నంతో, గంధకం పొగతో శుభ్రం చేసి, ఇగరబెట్టి పాన్‌లోకి పంపుతారు. పాన్‌లో గాలి లాగేస్తారు కాబట్టి పాకం తక్కువ వేడికే మరుగుతుంది, లేకపోతే మాడి రంగు తిరుగుతుంది. అక్కడ గింజ కట్టించడమే ఆయన పని. పాన్ పక్కన ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని లోపలికి తోసి తిప్పి లాగితే గాడిలో కొద్దిగా పాకం వస్తుంది. దాన్ని గాజు ముక్క మీద రాసి లైటుకు ఎదురుగా పట్టి చూడాలి. గింజలన్నీ ఒకే తీరుగా, అంచులు పదునుగా మెరుస్తూ ఉంటే సరే. మధ్యమధ్య దుమ్ములాగా సన్నవి కనిపిస్తే ఫాల్స్ గ్రెయిన్ పడిందన్న మాట. అవి పెద్ద గింజల మధ్య ఇరుక్కొని, మిషన్‌లో తిప్పేటప్పుడు మొలాసిస్‌ను, అంటే గింజ కట్టకుండా మిగిలిన నల్ల పాకాన్ని, బయటికి పోనివ్వవు. "అప్పుడు జర నీళ్లిచ్చి కరిగియ్యాలె. ఎక్కువిచ్చినవనుకో, మంచిది గూడ కరుగుతది" అన్నాడు. చెబుతున్నంతసేపూ బొటనవేలితో చూపుడువేలిని రుద్దుతూనే ఉన్నాడు, అక్కడ నిజంగా పాకం ఉన్నట్టే. ఆ చూపుకు, ఆ వేలికి ఎక్కడా సర్టిఫికెట్ లేదు. ఆయన పదో తరగతి కూడా చదవలేదు. మీటర్లు ఉండేవి కదా కాకా అంటే, మీటరు చెప్పేది వేడి సంగతి, గింజ సంగతి కన్నే చెప్పాలి అన్నాడు. ఇంత నేర్పు ఉన్న మనిషి ఎవరికీ నేర్పకుండా ఊరికే కూర్చోవడం నాకు చాలా బాధగా ఉంది.

తర్వాత చాచా ఇల్లు. వర్క్‌షాప్‌లో టర్నర్‌గా చేశాడు. ఇంటి ముందు చిన్న షెడ్డు వేసుకొని ఇప్పటికీ బోరు మోటార్ల పని చేస్తాడు. ఆయనకు క్షణంలో అయిపోయింది. "బస్ ఇత్నాహీ? జీతే రహో బేటీ" అని నెత్తి మీద చెయ్యి పెట్టి పంపాడు. వాళ్ల పక్కన మరాఠీ వాళ్ల ఇల్లు. సాలూర దగ్గర మంజీరా దాటితే మహారాష్ట్రే కాబట్టి మా కాలనీలో మూడు భాషలూ ఒకే గోడ మీదుగా వినిపిస్తాయి. ఆ మావ్‌షీ జొన్న రొట్టె, పల్లీల చట్నీ చేతిలో పెట్టింది. వద్దంటే వినదు.

ఎండ ముదిరాక పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి నడిచాను. ఈ చెట్ల నీడ బోధన్‌లో ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. పాత క్వార్టర్లలో కొన్నింటికి పైకప్పు లేదు, కొన్నింటిలో పిచ్చిచెట్లు మొలిచాయి. అవతల కొత్తగా కట్టుకున్న డాబాల ముందు బండ్లు, పిల్లల సైకిళ్లు. ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్లు పైకప్పు లేని ఇళ్లనే తీసుకొని పోతారు. ఇది చచ్చిపోయిన ఊరని రాస్తారు. నాకు అది చదివితే కడుపు మండుతుంది. అదే లైన్‌లో ఇద్దరు ఆడపిల్లలు నర్సింగ్ చదువుతున్నారు, ఒకబ్బాయి దుబాయ్ నుంచి డబ్బు పంపి ఇల్లు కట్టించుకుంటున్నాడు, రోజూ ఎంతోమంది పొద్దున బస్సెక్కి నిజామాబాద్‌కు పనికి వెళ్లి సాయంత్రానికి ఇంటికొస్తారు.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వదిన ఫోన్. అందరూ అడిగేదే అడిగింది, ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తారట అని. 2024లో ప్రభుత్వం కమిటీ వేసినప్పటి నుంచి ఈ ప్రశ్న మళ్లీ మొదలైంది. తెరవాలనే నేనూ కోరుకుంటాను, మనస్ఫూర్తిగా. కానీ తాళం తీస్తే సరిపోదు కదా వదినా అన్నాను. ముందు చెరకు కావాలి. నాటిన చెరకు చేతికి రావడానికి పది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. నరికాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే చక్కెర శాతం పడిపోతుంది. మిల్లు నడుస్తుందన్న నమ్మకం లేకుండా రైతు నాటడు, చెరకు లేకుండా మిల్లు నడవదు. ఈలోగా మా చుట్టుపక్కల రైతులు వరికి, సోయాకు అలవాటుపడ్డారు. వరి నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది, ఊళ్లోనే కొంటారు. చెరకు నరికే కూలీలు దొరకడమే ఒక సమస్య. కాబట్టి ఎవరైనా నిజంగా తెరవాలనుకుంటే ముందు రైతు దగ్గరికి పోవాలి, ధర ముందే చెప్పాలి, విత్తనం ఇవ్వాలి, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాసివ్వాలి. వదిన అంతా విని, "నువ్వే మంత్రివి కావాల్సింది" అంది. తర్వాత ఇద్దరం పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

సాయంత్రం మళ్లీ ఒక రౌండ్. వీళ్లకు వచ్చేది ఎంతో రాయాలి. ఈ పింఛనులో కనీసం వెయ్యి రూపాయలు ఇవ్వాలని 2014లో పెట్టారు. దాని కోసం ఒక మనిషి కుర్చీ బయట వేసుకొని కళ్లు మూసి తెరవాలి. బీపీ, షుగర్ గోలీలకే ఆ డబ్బు సరిపోదు. ఇది మారాలి. జీవితమంతా కష్టపడిన వాళ్లకు ఇది చాలా తక్కువ. అయినా ఎవరూ వదులుకోరు, ఎందుకంటే అది వాళ్ల పని తాలూకు డబ్బు. "పిల్లలు ఇచ్చుడు వేరు, ఇది వేరు" అని చిన్నమ్మ పొద్దున అన్నమాట నాకు బాగా అర్థమైంది.

రాత్రికి పచ్చిపులుసు, పప్పు చేశాను. లైన్ చివర ఒక పెద్దమ్మది ఇంకా మిగిలింది, మంచం మీదనే ఉంటుంది, ఆమెది భర్త పేరు మీద వచ్చే పింఛను. పీపీఓ (పింఛను ఆర్డర్) నంబరున్న కాగితం నిజామాబాద్‌లో కొడుకు దగ్గర ఉందట. అతనికి ఫోన్ చేశాను, రేపు ఫొటో పంపిస్తానన్నాడు. అది వస్తే రేపు సాయంత్రం పని నుంచి వచ్చాక వాళ్లింటికి వెళ్లాలి. గదిలో వెలుతురు తక్కువ, మా ఇంట్లోని పెద్ద ఎల్ఈడీ బల్బు తీసుకెళ్తాను.