హీట్ మీటరు చెప్పిన పద్నాలుగు బకెట్లు

బరంపురంలో నర్సింగ్ చదివే ఆడపిల్లల హాస్టల్ అది. 150 మంది ఉంటారు, సగం మంది ఒడియా, సగం మంది మన తెలుగువాళ్లే. జనవరిలో పొద్దున్న అయిదింటి నుంచే బకెట్లు పట్టుకుని నిలబడతారు, "గరమ్ పాణి ఆసిలా?" అని ఒకళ్లు, "వేడినీళ్లొచ్చాయా?" అని ఇంకొకళ్లు. మేడ మీద హీట్ పంపు పెట్టి ఏడాది కూడా కాలేదు, యజమాని దాన్ని పీకించేసి గ్యాస్ గీజర్లు పెట్టిద్దామని నిర్ణయించేసుకున్నారు. కారణం పంపు పక్కన గోడకి బిగించిన చిన్న డబ్బా, హీట్ మీటరు. పంపు నెలకి 1150 యూనిట్ల కరెంటు తింటోంది, ఈ మీటరేమో నెలకి 300 యూనిట్ల వేడే వచ్చిందంటోంది. పంపు అమ్మినాయనకి ఇవ్వాల్సిన మిగతా డబ్బు నాలుగు నెలలుగా ఆగిపోయింది.

మొదట నేను కూడా యజమాని మాటే నిజమనుకున్నాను. అంకె ఎదురుగా కనిపిస్తుంటే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ రాత్రి పడుకున్నాక ఒక విషయం మనసులో తొలుస్తూనే ఉంది. బకెట్లో వేసుకునే రాడ్ హీటరు కూడా యూనిట్ కరెంటుకి యూనిట్ వేడి ఇస్తుంది. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి దానికి కలుపుతుంది, మన బరంపురం లాంటి ఉక్కపోత ఊళ్లో యూనిట్‌కి మూడు యూనిట్ల వేడి ఇవ్వడం మామూలు విషయం. కంప్రెసర్ తినే కరెంటులో ఎక్కువ భాగం కూడా చివరికి నీళ్లలోకే వేడిగా వెళ్తుంది. అలాంటిది రాడ్ హీటరులో నాలుగో వంతు ఇస్తోందంటే అది నమ్మే మాటేనా?

పొద్దున్నే లేచి బకెట్ల లెక్క వేశాను. వెయ్యి లీటర్ల నీళ్లని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్లు కావాలి, ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. నెలకి 300 అంటే రోజుకి 10 యూనిట్లు. 25 డిగ్రీల నీళ్లని 55 దాకా, అంటే 30 డిగ్రీలు పెంచాలంటే 10 యూనిట్లకి వచ్చేది 287 లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్లు పద్నాలుగు. 150 మంది పిల్లలు రోజూ తలా ఒక బకెట్ పోసుకుంటున్నారని వార్డెనమ్మే చెబుతోంది! మీటరు తప్పు చెబుతోందని ఇక నాకు అనుమానమే లేకుండా పోయింది.

ఇక్కడ ఈ మీటరు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన వైపు హోటళ్లలో, ఆసుపత్రుల్లో ఇప్పుడు ఇవి కనిపిస్తున్నాయి (ఏసీ ప్లాంటు వాళ్లు బీటీయూ మీటరంటారు), బిగించేవాళ్లు బిగించి వెళ్లిపోతారు, తర్వాత చూసుకోవాల్సింది మనలాంటి మెయింటెనెన్స్ వాళ్లమే. మొత్తం మూడు ముక్కలు. పైపులో ఎన్ని నీళ్లు పోయాయో కొలిచే ఒక ఫ్లో మీటరు, వేడినీళ్లు వెళ్లే లైనులో ఒక టెంపరేచర్ సెన్సరు, చల్లారి తిరిగొచ్చే లైనులో ఇంకొకటి. గోడ మీద ఉండే డబ్బా కాలిక్యులేటరు. అది స్వయంగా దేన్నీ కొలవదు. ఫ్లో మీటరు నుంచి పల్స్ (ఇన్ని లీటర్లకి ఒకసారని పంపే చిన్న కరెంటు సంకేతం) వచ్చినప్పుడల్లా ఇన్ని లీటర్లు పోయాయని లెక్కేసుకుంటుంది, రెండు సెన్సర్ల రెసిస్టెన్స్ (కరెంటుకి అవి ఇచ్చే అడ్డు, వేడితో పాటు పెరుగుతుంది) చూసి తేడా ఎన్ని డిగ్రీలో తెలుసుకుంటుంది, రెండూ గుణించి, ఆ వేడిలో నీటి సాంద్రత ఎంతో దాని పట్టికలోంచి తీసుకుని యూనిట్లు కూడుతూ పోతుంది. ఒక్క పల్స్‌కి ఎన్ని లీటర్లో, సెన్సరు ఏ రకమో, ఫ్లో మీటరు వెళ్లే లైనులో ఉందో తిరిగొచ్చే లైనులో ఉందో, ఇవన్నీ మొదట మనం చెప్పాలి. తప్పు చెబితే ఆ తప్పుతోనే నెలల తరబడి లెక్క కడుతుంది, ఎర్రర్ కూడా చూపించదు.

నాకు హెల్పరుగా ఇచ్ఛాపురం కుర్రాడొకడు ఉన్నాడు, రోజూ రైల్లో వచ్చి వెళ్తాడు. "అన్నా, పైపు మీద మీటరు ముల్లు తిరుగుతోంది కదా, దాని రీడింగూ డబ్బాలో రీడింగూ ఒకటే ఉండాలా?" అని అడిగాడు. ఆ ప్రశ్నతోనే మొదటి తప్పు దొరికేసింది. కాలిక్యులేటరు బటన్ నొక్కుతూ పోతే యూనిట్ల తర్వాత క్యూబిక్ మీటర్లు వస్తాయి. ఒక గంట కూర్చుని రెండూ రాసుకున్నాం. పైపు మీద మీటరులో 1500 లీటర్లు పోయాయి, డబ్బాలో 150 చూపించింది. సరిగ్గా పదో వంతు. ఫ్లో మీటరు రేకు మీద పల్స్‌కి 10 లీటర్లని అచ్చేసి ఉంది, కాలిక్యులేటరులో పల్స్‌కి 1 లీటరని పెట్టారు. అంతే. ఆ ఒక్క అంకె వల్ల ఒక మనిషి డబ్బు నాలుగు నెలలు ఆగింది.

మార్చడం అంత తేలిక కాదు. చాలా మోడళ్లలో ఈ సెట్టింగులు సీలు కింద ఉండే సర్వీస్ మోడ్‌లోనే మారతాయి, కొన్నిట్లో యూనిట్లు కూడడం మొదలయ్యాక అసలు మారనివ్వదు. మాది సీలు తీస్తే మారే రకం. సీలు తీసే ముందు యజమానినీ పంపు అమ్మినాయన్నీ ఇద్దరినీ పిలిచి, పాత రీడింగు కాగితం మీద రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. డబ్బు గొడవ ఉన్న చోట ఎవరూ లేనప్పుడు సీలు ముట్టుకోకూడదు, ఇది మాత్రం గట్టిగా చెబుతాను.

పల్స్ సరిచేశాక చేత్తో లెక్క కట్టి చూశాను. గంటకి 1.5 క్యూబిక్ మీటర్లు, నా చేతి థర్మామీటరు వెళ్లే లైను 52 అంది, తిరిగొచ్చే లైను 46 అంది. తేడా 6 డిగ్రీలు. 1.5 ఇంటూ 6 ఇంటూ 1.15, అంటే సుమారు 10.3 కిలోవాట్లు, గంటకి 10.3 యూనిట్ల వేడి రావాలి (నీళ్లు వేడిగా ఉన్నప్పుడు పలచబడతాయి కాబట్టి 1.16 కాస్త తగ్గుతుంది). డబ్బా 8.3 చూపిస్తోంది. యజమాని "దగ్గరికొచ్చింది కదయ్యా, వదిలేయ్" అన్నారు. వదలబుద్ధి కాలేదు. ఇరవై శాతం తేడా అంటే దగ్గర కాదు, ఏడాదికి లెక్కేస్తే చాలా వేడి.

డిస్‌ప్లేలో తిరిగొచ్చే లైను 47.2 ఉంది. రెండు సెన్సర్లూ పైపులోంచి తీసి, ఒకే బకెట్ నీళ్లలో పక్కపక్కన ముంచి కర్రతో కలుపుతూ అయిదు నిమిషాలు ఉంచాం. ఒకే నీళ్లు కాబట్టి రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపించాలి, పదో వంతు డిగ్రీ అటూ ఇటూ. మాకు వచ్చిన తేడా 1.2 డిగ్రీలు. వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే సంగతి తెలిసింది. తిరిగొచ్చే లైను సెన్సరు వైరు చాలకపోతే మామూలు రెండు తీగల వైరు పది మీటర్లు ముక్కేసి, టేపు చుట్టి, ట్రేలో పడేశారు.

ఇది చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మాది పీటీ-100 సెన్సరు, సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, డిగ్రీకి 0.385 ఓము పెరుగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు, పోనూ రానూ ఇరవై మీటర్లు, దాని రెసిస్టెన్స్ అరవోముకి కాస్త తక్కువ. ఆ అరవోముని కూడా కాలిక్యులేటరు వేడి అనుకుని 1.2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అందుకే రెండు తీగల సెన్సర్ల వైరుని కోయకూడదు, ఒకదానికే ముక్క వేయకూడదు. దూరం ఎక్కువుంటే నాలుగు తీగల రకం తీసుకోవాలి, లేదంటే పీటీ-500, దాంట్లో ఇదే వైరు వేసే తప్పు పావు డిగ్రీ దగ్గరే ఆగుతుంది. ఇంకో విషయం, ఈ సెన్సర్లు జతగా ఫ్యాక్టరీలో సరిచూసి పంపేవి. ఒకటి పాడైతే రెండూ మార్చాలి, రేపు మిగిలినదాన్ని ఇంకో మీటరుకి వాడదామని దాచుకోకండి.

మేం కాలిక్యులేటరునే పైపుల దగ్గరికి జరిపి, కొత్త జత వేసి, ఎర్ర లేబులుది వెళ్లే లైనుకి, నీలం లేబులుది తిరిగొచ్చే లైనుకి పెట్టాం. ఆ రెండూ తారుమారైతే తేడా మైనస్‌లోకి పోయి వేడి లెక్కే ఆగిపోతుంది. ఎండా వానా తగలకుండా పెట్టెలో బిగించాం, ఎందుకంటే గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలి ఇక్కడి దాకా వచ్చి టెర్మినళ్లని పచ్చగా చేసేస్తుంది. బటన్ ఎక్కువసేపు నొక్కితే ఇంకో వరస వస్తుంది, అందులో తేదీ, నెలాఖరు రీడింగులు ఉంటాయి. తేదీ సరిచేసి, ప్రతి నెలా ఒకటో తారీఖు అంకె నిలబెట్టుకునేలా పెట్టాం.

తర్వాతి నెల 3750 వచ్చింది. కరెంటు దాదాపు అంతే, 1150. యూనిట్‌కి మూడుంబావు చొప్పున. యజమాని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి పంపు అమ్మినాయన్ని మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నారు.

పెట్టె మూతకి లోపలి వైపు ఒక కాగితం అంటించాను. పల్స్‌కి 10 లీటర్లు, పీటీ-100, ఫ్లో మీటరు తిరిగొచ్చే లైనులో, సీలు వేసిన తేదీ, సీలు వేసినప్పటి రీడింగు. కింద కుర్రాడు తెలుగులోనూ ఒడియాలోనూ రాశాడు: ఒకటో తారీఖున బకెట్ల లెక్క వేసి చూడండి.