సింగ్ నగర్ షట్టరులో మా బ్యాండు

బెజవాడలో బ్యాండు పెట్టానంటే పెద్దవాళ్ళు ముందు అడిగేది "పెళ్ళిళ్ళకా, ఊరేగింపులకా?" అని. మా నాన్నయితే ఏడాదిపాటు ఇంటికొచ్చినవాళ్ళందరికీ "మావాడు ఆర్కెస్ట్రాలో వాయిస్తాడండీ" అని చెప్పాడు. కాదు, మాది రాక్ బ్యాండని వివరించే ఓపిక నాకూ లేకపోయింది. బ్యాండు పేరు మాత్రం అడక్కండి, ఇప్పటికి నాలుగుసార్లు మారింది.

2022లో, నా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మొదలుపెట్టాం. ముగ్గురం. ముగ్గురమూ గిటారిస్టులమే. గిటారు కొన్న కుర్రాడు వీధికొకడు దొరుకుతాడు గానీ బేసు, అంటే కింది స్వరాలు పలికే గిటారు వాయించేవాడి కోసం పటమట నుంచి వన్ టౌన్ దాకా అడిగినా ఒక్కడూ దొరకలేదు. చివరికి చీటీలు వేశాం. చీటీ తగిలిన సీనియర్ మొహం మాడ్చుకుని ఆరున్నర వేలకి పాత బేసు కొన్నాడు. నాలుగు తీగలే కదా అని ధైర్యం చెప్పాం. ఆ నాలుగు తీగలూ డ్రమ్మర్ కిక్కుతో, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో కలిసి పడకపోతే పాటంతా కుంటుతుందని మాకప్పుడు తెలీదు.

డ్రమ్మర్ చర్చి నుంచి వచ్చాడు. మా వైపు డ్రమ్సూ కీబోర్డూ గట్టిగా వాయించే కుర్రాళ్ళలో చాలామంది ఆరాధనలో చెయ్యి తిరిగినవాళ్ళే. పాడేవాళ్ళు మధ్యలో ఏ చరణానికి దూకినా ఆగకుండా అందుకోవడం మావాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. వీడియోలు చూసి నేర్చుకున్న మాకు మొదటిరోజే తల వంచాల్సొచ్చింది. ఆదివారం ప్రాక్టీసుకి రాడు. డిసెంబరు సంగతి అడగక్కర్లేదు, నెలంతా సెమీ క్రిస్మస్‌లే.

సింగ్ నగర్లో డ్రమ్మర్ వాళ్ళ బాబాయిది ఖాళీ షట్టరు ఉంటే అందులో దిగాం. గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు బయటికి పోదని ఎవరో చెప్పారు. హోటళ్ళ చుట్టూ తిరిగి రెండొందల అట్టలు పోగేశాం. ఒక్క పిసరు ఆగలేదు! అట్టలు లోపలి ప్రతిధ్వనిని కాస్త విరుస్తాయంతే, బయటికి పోయే చప్పుడు ఆపాలంటే బరువైన గోడ కావాలి. మాకున్నది రేకు షట్టరు, కిక్కు పడ్డప్పుడల్లా అదీ మాతోపాటు వాయించేది. పక్క టైలరుగారు వచ్చి, "నాలుగు నుంచి ఆరు దాకా కొట్టుకోండి బాబూ, తర్వాత మా అమ్మాయి చదువుకోవాలి" అన్నారు. మేం పెట్టుకున్న ఏ టైముటేబులూ అంత కచ్చితంగా నడవలేదు.

మొదటి ప్రోగ్రాం ఒక కాలేజీ ఫెస్టులో. మాకు మేం వినిపించే స్పీకరు ఒక్కటీ పెట్టలేదు, డ్రమ్స్ మొత్తానికి ఒకటే మైకు. ఇంకేం చెప్పను.

మేం కొట్టుకుని విడిపోయామని అనుకునేవాళ్ళున్నారు. కొట్టుకునే తీరిక ఎక్కడిది? పాడుతూ లీడ్ గిటారు వాయించేవాడు 2023లో ఒకరోజు రెండో చరణం మధ్యలో ఆగి, "వీసా వచ్చిందిరా" అన్నాడు. ఎమ్మెస్‌కి అమెరికా. గన్నవరంలో విమానం ఎక్కించి వచ్చాం. ఆ తర్వాత దాదాపు ఏడాది గొంతు లేని బ్యాండుగా బతికాం. 2024 జూలైలో బేసు సీనియర్‌కి బెంగళూరులో ఉద్యోగం. వెళ్తూ ఆ బేసు తెచ్చి మా ఇంట్లో పెట్టి, "ఇప్పుడు చీటీ నీది మావా" అన్నాడు.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు కొట్టిన రోజులవి. సింగ్ నగర్లో రోజుల తరబడి నీళ్ళు దిగలేదు. డ్రమ్మర్ వాళ్ళు మేడమీదే ఉన్నారు. వాళ్ళు క్షేమంగా బయటపడ్డాకే షట్టరు గుర్తొచ్చింది. ఎత్తి చూస్తే గుడ్ల అట్టలన్నీ గుజ్జయి నేల మీదున్నాయి. డ్రమ్ముల చెక్క పొరలు పొరలుగా ఊడింది. యాంప్లిఫయర్లోంచి బురద కారింది. మిగిలినవి డ్రమ్ములతో ఉండే తాళాలే (సింబల్స్), చవకరకం ఇత్తడివే అయినా లోహం కాబట్టి. డ్రమ్మర్ వాళ్ళ నాయనమ్మ వాటిని చింతపండు పెట్టి బిందెలు తోమినట్టు తోమేసింది. కంపెనీ పేరు చెరిగిపోయింది. ఇప్పటికీ అవే వాడుతున్నాం.

ఇక బ్యాండు అయిపోయిందనే అనుకున్నాను. నా గిటారు ఇంటర్ చదివే ఓ పిల్లాడి చేతికి పోయింది. నాకన్నా బాగా వాయిస్తాడు, ఒప్పుకోడానికి కొంచెం టైము పట్టింది. బేసు నేను పట్టుకున్నాను. పాడడానికి ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకునే అమ్మాయి వచ్చింది, మా గిటారు పిల్లాడికి దూరపు అక్క.

మొదటిరోజే పేచీ. మా పాటలన్నీ 'ఈ' (E)లో, అంటే మూడు శ్రుతిలో ఉన్నాయి. ఆ అమ్మాయిది ఐదు. "అన్నా, మీ మూడులో నేను గొణగాలి, పాడలేను" అంది. గిటారుకి మూడో మెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు బిగించాం. శ్రుతి కుదిరింది, బరువు పోయింది. నా బేసులో 'ఈ'కి కట్టిన అడుగు తీగ వృథాగా వేలాడుతోంది. రెండు వారాలు కొట్టుకున్నాక ఒక సాయంత్రం దాన్ని ఒక స్వరం దించి 'డీ' (D)కి తెచ్చాను. ఆ అమ్మాయి షడ్జమానికి (సా) అది మంద్ర పంచమం, అంటే కింది పా. కేపో తీసేసి పిల్లాడూ అలాగే దించాడు. గదంతా తంబూరా అయిపోయింది, కాకపోతే కాస్త కోపంగా ఉన్న తంబూరా. రాక్‌లో మేం కలిపి మోగించే స్వరాల జత, పవర్ కార్డ్ (chord) అంటారు, అందులో సా, పా తప్ప గాంధారం (గా) ఉండదు. అది ఆ అమ్మాయికి ఖాళీ చోటు. కాస్త కిందుండే సాధారణ గాంధారం వేస్తే పాట ఒకలా, దాని పైనుండే అంతర గాంధారం వేస్తే ఇంకోలా తిరుగుతుంది. పాత పాటలు ఏడింటిలో నాలుగు పారేశాం. అమెరికా వాడికి రికార్డు పంపితే, "ఇది మన పాటేనారా?" అన్నాడు. అవునో కాదో నాకూ తేలలేదు.

ఇప్పుడు మళ్ళీ డిసెంబరు వస్తోంది. డ్రమ్మర్ ముందే చెప్పేశాడు, పదకొండు సెమీ క్రిస్మస్‌లు ఒప్పుకున్నానని. మాకేమో ఇరవయ్యో తారీఖున గుంటూరులో ప్రోగ్రాం. ఆ అమ్మాయి వాళ్ళ క్లాసులో మృదంగం అబ్బాయి ఉన్నాడట. మా పాటల తాళం లెక్క వినిపిస్తే, "ఆదితాళమేగా, వచ్చేస్తా" అన్నాడట. బుధవారం నాలుగింటికి రమ్మన్నాం. టైలరుగారికి చెప్పాలి.