ముప్పయ్యో సెకనులో పేలిన సాకెట్

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా ఇల్లు. పని ఇంటి నుంచే. పైడితల్లి సిరిమాను పండగకి మూడు వారాల ముందు, మా కంపెనీ సొంత ప్రోటోకాల్ కోసం రాసుకున్న లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మాడ్యూల్‌ని రీఫ్యాక్టర్ చేసే పని, అంటే కోడ్‌ని సర్ది రాసే పని, నా నెత్తిన పడింది. 2,800 లైన్ల ఫైలు. సాకెట్ (ప్రోగ్రామ్ చేతిలో ఉండే కనెక్షన్ కొస) తెరవడం, డేటా పంపడం, మూయడం అంతా కలగాపులగం. బయటికి ఏదీ మారకూడదు, లోపల మాత్రం మనిషి చదవగలిగేలా ఉండాలట.

మొదటి దెబ్బ చిన్నదే. కవలల్లా ఉన్న రెండు ఫంక్షన్లని కలిపేశాను. ఒకటి సిస్టమ్ కాల్ దారిలో, అంటే ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగినప్పుడు నడిచేది, రెండోది ప్యాకెట్ వచ్చినప్పుడు సాఫ్ట్ ఐఆర్‌క్యూలో, అంటే కెర్నెల్ ఆగకుండా చకచకా ముగించాల్సిన చోట నడిచేది. మొదటిది వాడే లాక్ సాక్ అనే ఫంక్షన్, సాకెట్ లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళం) దొరక్కపోతే దొరికేదాకా నిద్రపోతుంది. సాఫ్ట్ ఐఆర్‌క్యూలో నిద్ర కుదరదు. అక్కడ నిద్రపోని బీహెచ్ లాక్ సాక్ తీసుకుని, సాకెట్ వేరేవాళ్ళ చేతిలో ఉంటే ప్యాకెట్‌ని బ్యాక్‌లాగ్‌లో (తర్వాత చూసే వరసలో) పెట్టి వచ్చేయాలి. డీబగ్ ఆప్షన్ పెట్టుకున్నాను కాబట్టి కెర్నెల్ వెంటనే అరిచింది. మళ్ళీ విడదీశాను.

అసలు కథ టైమర్‌ది. కనెక్షన్ బతికే ఉందా అని 30 సెకన్లకోసారి చూసే టైమర్ అది. పాత కోడ్ దాన్ని ఎస్‌కే రీసెట్ టైమర్ అనే ఫంక్షన్‌తో పెడుతోంది. తెరిచి చూస్తే లోపల రెండే లైన్లు, అందులో ఒకటి మోడ్ టైమర్, టైమర్‌కి గడువు పెట్టే మామూలు ఫంక్షన్. ‘దీనికో ఫంక్షనా’ అనుకుని నేరుగా మోడ్ టైమరే పెట్టేశాను. ఆపే చోట కూడా మామూలు ఫంక్షనే పెట్టాను. టెస్టులన్నీ పాస్. ఎందుకు పాసవవు? నా టెస్టు సాకెట్ తెరిచి, నాలుగు ముక్కలు పంపి, రెండు సెకన్లలో మూసేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక కనెక్షన్ మూయకుండా వదిలేశాను. "ఏట్రా, అన్నం సల్లారిపోతంది, ముందు తినీసి ఎల్లు" అని అమ్మ మూడోసారి కేకేసింది మరి. తిని వచ్చేసరికి క్యూఎములో (నేను టెస్టు చేసే నకిలీ కంప్యూటర్‌లో) కెర్నెల్ ప్యానిక్, అంటే కెర్నెల్ మొత్తం చేతులెత్తేసింది.

ఒకటిన్నర రోజు లాక్‌ల మీదే అనుమానపడి తిరిగాను, పాత దెబ్బ తాలూకు భయం. మధ్యలో కరెంటు పోయి ఒక బిల్డ్ సగంలో ఆగింది. చివరికి కాసాన్ అనే కెర్నెల్ మెమరీ తప్పులు పట్టే సాధనం ఆన్ చేసి బిల్డ్ చేశాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. అది మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు వదిలేశారో, వదిలేశాక ఎవరు ముట్టుకున్నారో మూడూ విడివిడిగా చూపిస్తుంది. సాకెట్ మెమరీని వదిలేసింది మా టైమర్ హ్యాండ్లరే, అంటే గడువు తీరినప్పుడు నడిచే ఫంక్షనే.

సాకెట్‌కి ఎంతమంది అవసరం ఉందో ఒక లెక్క ఉంటుంది. సాక్ హోల్డ్ దాన్ని ఒకటి పెంచుతుంది, సాక్ పుట్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే సాకెట్ పోతుంది. నేను పట్టించుకోని ఆ రెండో లైను సాక్ హోల్డ్. టైమర్ కొత్తగా మొదలైతేనే అది నడుస్తుంది. హ్యాండ్లర్ చివర్లో సాక్ పుట్ మాత్రం అలాగే ఉంది. అంటే వచ్చినప్పుడు లెక్కలో పడనివాడు, పోయేటప్పుడు ఒకటి తగ్గించి పోతున్నాడు. యూజర్ ఇంకా వాడుతుండగానే లెక్క సున్నా.

పాత ఫంక్షన్లని యథాస్థానంలో పెట్టి, ఒక కనెక్షన్‌ని రాత్రంతా తెరిచి ఉంచాను. పొద్దున్నకి చెక్కు చెదరలేదు. మొత్తం మార్పుని ఏడు ప్యాచ్‌లుగా (విడి మార్పులుగా) ముక్కలు చేసి సిరిమాను ముందు రోజు పంపాను. మా సీనియర్ ఆరింటికి వంకలు పెట్టాడు, ఎక్కువగా పేర్ల మీద. టైమర్ ప్యాచ్‌లో కోడ్ మారింది మూడు లైన్లు, ఎందుకు మార్చానో చెప్పే దాని కమిట్ మెసేజ్ మాత్రం ఇరవై రెండు లైన్లు. దాని జోలికి రాలేదు.