నలుగురు పెద్దమనుషుల కషాయం

గుంటూరు నుంచి చైనాలోని గ్వాంగ్‌జౌకి దిగే తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, చూసుకోవడం నా పని. దగ్గు మొదలైతే ఘాటుకే అనుకున్నా. ఇరవై ఏళ్ల సిగరెట్ల సంగతి గుర్తు రాలేదు, గుర్తు రానివ్వలేదు అనాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక కోర్సు వేశాను, తగ్గకపోతే ఇంకోటి. కఫంలో నెత్తుటి జీర కనబడ్డాక గానీ ఆస్పత్రి మెట్లెక్కలేదు. కుడి ఊపిరితిత్తిలో కేన్సర్, నాలుగో దశ.

కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు లేదు, రక్షణ కణాలను ఆపే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ మాత్రం 70 శాతం కణాల మీద ఉంది. 50 దాటితే కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే పెట్టొచ్చట. మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు, అరగంట ఎక్కిస్తారు. ఈమధ్య ఏం మందులు వాడారని డాక్టరమ్మ అడిగితే చెప్పాను. సిగరెట్లకు తిట్టని మనిషి ఆ మాత్రలకు తిట్టింది. పెంబ్రోలిజుమాబ్ కేన్సర్‌ని తనంత తాను చంపదు, మన రక్షణ కణాలకు పడ్డ కళ్లెం విప్పుతుంది. ఆ కణాలకు ఊపునిచ్చేవాటిలో పేగుల్లోని బ్యాక్టీరియా కూడా ఉంది. చికిత్సకు కాస్త అటూ ఇటూగా యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు ఫలితం తక్కువగా కనబడిందని పారిస్ పరిశోధకులు 2018లోనే రాశారట. "అయిందేదో అయింది, ఇక నన్నడక్కుండా ఏదీ మింగకండి" అంది.

మూడో డోసుకి అన్నం వాసనే పడలేదు. ఎనిమిది కిలోలు తగ్గాను. అదే ఆస్పత్రిలో చైనా వైద్యం విభాగానికి పంపారు. పెద్దాయన నాలుక చాపమన్నాడు, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత దగ్గు గురించి కాదు, విరేచనం ఎలా అవుతోందని అడిగాడు! వాళ్ల శాస్త్రంలో ఊపిరితిత్తులకీ పెద్దపేగుకీ చుట్టరికం.

రాసింది సి-జున్-జి-థాంగ్. నలుగురు పెద్దమనుషుల కషాయమని అర్థం: జిన్సెంగ్, బైజు అనే మొక్క వేరు, పైన్ చెట్ల వేళ్లకు పట్టే ఫూలింగ్ బూజుగడ్డ, అతిమధురం. ఆస్పత్రిలోనే కాచి ప్యాకెట్లలో పోసిస్తారు. వేడినీళ్లలో పెట్టి కత్తిరిస్తే తడిమట్టి వాసన. నాకు బీపీ ఉందని అతిమధురం బాగా తగ్గించి, పొటాషియం పరీక్ష రాశాడు. "ఇది కణితికి కాదు, మీరు అన్నం తినగలగడానికి" అని ముందే చెప్పాడు. జిన్సెంగ్‌లోని చక్కెరలు పేగు బ్యాక్టీరియాని మార్చి ఈ రకం మందుకి బలమిచ్చాయని 2022లో ఒక పరిశోధన వచ్చింది కదా అన్నాను. "అది ఎక్కువగా ఎలుకల్లో" అని నవ్వాడు.

పది రోజులకి పెరుగన్నం దిగింది. కషాయమో, టైమో, చెప్పలేను.

ఐదో డోసు తర్వాత రోజుకి ఆరు విరేచనాలు. కషాయం వల్లేననుకుని రెండు రోజులు దాచాను, అది రెండో తప్పు. కళ్లెం విప్పిన కణాలు నా పేగుల మీదే పడ్డాయట. అన్నీ ఆపి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి, నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చారు. రెండు నెలలకి ఇంజెక్షన్ మళ్లీ మొదలైంది.

మొన్నటి స్కానులో కణితి సగానికి పైగా కుంచించుకుపోయింది. రిపోర్టు పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. దాన్ని పక్కన పెట్టి, ముందు విరేచనం సంగతే అడిగాడు. బాగుందన్నాను.