నాన్న పేరు ముందు 'లేట్'

నిన్న ఇంగ్లిష్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. గట్టెక్కాను. వినడం, చదవడం, రాయడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. మాట్లాడే పరీక్షే నన్ను ఏడిపించింది.

ఎగ్జామినర్ మొదట ఇంట్లోవాళ్ల గురించి అడిగింది. "మై ఫాదర్ ఈజ్ లేట్" అన్నాను. నాన్న పోయి మూడేళ్లు. అప్లికేషన్లలో పోయినవాళ్ల పేరు ముందు లేట్ అని రాయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, అదే నోటికొచ్చింది. ఆవిడ నవ్వి, పర్లేదు, వచ్చాక బయట కూర్చోవచ్చులే అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పట్టేసింది. "నో, హీ ఈజ్ లేట్" అని మళ్లీ అదే అన్నాను. ఎంతసేపట్లో వస్తారు అని అడిగింది. ఇక రాని మనిషి గురించి ఏం చెప్పను? చివరికి "హీ డైడ్" అనేశాను. ఆవిడ ముఖం పాలిపోయింది, సారీ చెప్పింది. ఆ తర్వాత ఏం మాట్లాడానో సగం గుర్తులేదు.

ఇంటికొచ్చి డిక్షనరీ ముందేసుకున్నాను. 'మై లేట్ ఫాదర్' అంటే పోయిన నాన్న. అదే మాట 'ఈజ్' తర్వాత వస్తే ఆలస్యమే. పాత ఇంగ్లిష్‌లో దీనర్థం నెమ్మదైన అని. తర్వాత 'ఇటీవలి' అనే అర్థమూ వచ్చింది, అందులోంచే 15వ శతాబ్దంలో 'మొన్నటిదాకా ఉండి పోయిన' అనేది పుట్టింది. అందుకే ఏనాటి రాజుల పేర్ల ముందో లేట్ పెట్టరు. దక్షిణాఫ్రికా, బోట్స్వానాల్లో మాత్రం 'హీ ఈజ్ లేట్' అంటే చనిపోయాడనే. అంటే నేనన్నది లోకంలో ఎవరూ అనని మాటేం కాదు!

కోచింగ్‌లో ఫీజు కట్టించుకుని బారెడు మాటలు బట్టీ పట్టించారు. ఇంత చిన్న మాట గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

మీరు మాత్రం 'హీ పాస్డ్ అవే' అనండి. ఉద్యోగం మారిన మేనేజర్‌ని 'ఫార్మర్' (former), అంటే మాజీ అనాలి, 'లేట్' అంటే బతికున్న మనిషిని చంపేసినట్టే. 'లేట్లీ' అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య అని. 'లేట్ ఫార్టీస్' అంటే నలభై ఏడు, ఎనిమిది, తొమ్మిది ఏళ్లు.

ఇవాళ ఇంకో అప్లికేషన్ నింపాను. నాన్న పేరు ముందు లేట్ అని రాసి, సరైన చోటే ఉందని రెండుసార్లు చూసుకున్నాను.