సెప్టెంబరులో ఇచ్చిన రక్తం మే నెలకు ఉండదు

1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, సెప్టెంబరు 24న దేశంలోని 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. ఏటా ఆ రోజున మా కళాశాలలోనూ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు మొక్కలు నాటుతారు, ఊరేగింపులు తీస్తారు, పక్కనున్న వీధులను శుభ్రం చేస్తారు. అయితే ఎవరూ బతిమాలకుండానే పిల్లలు బారులు తీరేది మాత్రం రక్తదాన శిబిరం దగ్గరే. మొదటిసారి రక్తమిచ్చి లేచిన విద్యార్థి ముఖంలో కనిపించే సంతోషం నాకెంతో ఇష్టం. అందుకే ఆ శిబిరాన్ని మనం నిర్వహిస్తున్న తీరు గురించి కొంత చెప్పాలనిపిస్తోంది.

రక్తం ఎక్కువ కాలం నిలవ ఉండేది కాదు. బ్లడ్ బ్యాంకులో దానిని భాగాలుగా విడదీశాక, ఎర్రకణాలు సంచిలోని ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు పనికొస్తాయి; ప్లేట్‌లెట్ల ఆయుష్షు అయిదు రోజులే. అతిశీతలంలో మంచులా ఘనీభవింపజేసిన ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మాత్రం ఏడాది వరకు ఉంటుంది. సెప్టెంబరు 24న కళాశాలలన్నీ ఒక్కసారిగా శిబిరాలు పెడతాయి, వారం తిరిగేసరికి అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం వస్తుంది, మళ్లీ శిబిరాలు. అలా పోగైన ఎర్రకణాల గడువు నవంబరు దాటేలోపే తీరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, సెలవులు వచ్చి కళాశాలలు ఖాళీ అయినప్పుడు శిబిరాలూ తగ్గిపోతాయి, కానీ రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోక తప్పని తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి) పిల్లలకు సెలవులు ఉండవు గదా! ఆ రోజుల్లో దాతల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసే తల్లిదండ్రుల గొంతు విన్నవారెవరికైనా సంచుల లెక్క ఒక్కటే సరిపోదని అర్థమవుతుంది.

కాబట్టి సేవా దినాన ఎన్ని సంచులు నిండాయన్నదానికంటే, ఎంతమంది ఏయే నెలల్లో రక్తమిస్తామని పేరు రాయించుకున్నారన్నది ముఖ్యమని నా అభిప్రాయం. పురుషులు 90 రోజులకోసారి, స్త్రీలు 120 రోజులకోసారి రక్తమివ్వవచ్చు. ఈ లెక్క దగ్గర పెట్టుకుని వాలంటీర్లను జట్లుగా విడదీస్తే, సెప్టెంబరులో కొందరే ఇచ్చి మిగిలినవారు తర్వాతి నెలలకు సిద్ధంగా ఉంటారు. వేసవిలో సొంత ఊళ్లకు వెళ్లేవారి వివరాలను, వారి అనుమతితో, ఆ జిల్లా కేంద్రంలోని బ్లడ్ బ్యాంకుకు ముందే అందించవచ్చు. ప్రతి వాలంటీరూ ఏడాదికి 120 గంటలు సేవ చేయాలని పథకమే చెబుతోంది. ఈ జాబితాలు తయారుచేయడం, వంతు వచ్చినవారికి గుర్తుచేయడం ఆ గంటల్లోకి రావాల్సిన పనే. ఫొటోలకు పనికిరాదు కాబట్టి దీనిని ఎవరూ సేవగా గుర్తించరు, అదే నా బాధ.

శిబిరంలో వెనుదిరగాల్సి వచ్చినవారి సంగతి కూడా చెప్పాలి. వేలికొసన సూదితో గుచ్చి తీసిన రక్తపు బొట్టును నీలిరంగు మైలుతుత్తం ద్రావణంలో వదులుతారు. బొట్టు చటుక్కున అడుగుకు దిగితే ఇవ్వవచ్చు. పైనే తేలినా, మధ్యలో ఆగినా హిమోగ్లోబిన్ తక్కువ ఉన్నట్లు. డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గితే రక్తం తీసుకోరు. ఇలా తిరిగి వెళ్లేవారిలో అమ్మాయిలు ఎక్కువ. ‘రక్తం లేదట’ అని నలుగురిలో అనిపించుకుని తలవంచుకుని వెళ్లిన పిల్ల మళ్లీ శిబిరం వైపు రాదు. ఆ మాటను పక్కకు పిలిచి చెప్పాలి, వైద్యుడి దగ్గరకు పంపించాలి, వీలైతే కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. ఒక అమ్మాయి రక్తహీనతను సకాలంలో గుర్తించడం ఒక సంచి నింపడానికి తీసిపోయే సేవ కాదు.

ఈసారి కళాశాలల్లో ఎన్‌ఎస్‌ఎస్‌ను నడిపించే ప్రోగ్రాం ఆఫీసర్లకు నా విన్నపం ఒక్కటే. శిబిరానికి బ్లడ్ బ్యాంకును పిలిచేటప్పుడే, వారికి ఏ నెలల్లో కొరత వస్తుందో, ఏ గ్రూపులు దొరకడం కష్టమో అడిగి రాసుకోండి. తేదీలు ఆ తర్వాత నిర్ణయించండి. మే నెల జాబితా మాత్రం విద్యార్థులు పరీక్షలకు కూర్చోకముందే పూర్తి కావాలి.