హారతి కర్పూరం ప్రసాదం కాదు

తీర్థంలో పచ్చ కర్పూరం, లడ్డూలో పచ్చ కర్పూరం. తిరుపతి పిల్లలకు ఆ వాసన తెలిస్తే నోట్లో వేసుకునేదనే లెక్క. హారతి కర్పూరం బిళ్ళ చూడ్డానికి చక్కెర బిళ్ళలానే ఉంటుంది. దేవుడి గూట్లో చేతికందే ఎత్తులో ఆ డబ్బా పెట్టడం, మా దృష్టిలో, పురుగుల మందు సీసా పెట్టినంత పని.

కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు దాటి మింగితే ఆసుపత్రికి పోవాల్సిందే. అంటే 10 కిలోల బిడ్డకు 300 మిల్లీగ్రాములు. చిన్న బిళ్ళ ముక్క చాలు. ఒక్క గ్రాముతో పసిపిల్లలు పోయిన సందర్భాలున్నాయి. కడుపులో మంట, వాంతి, ఆపైన ఫిట్స్. ఇవి ఒక్కోసారి అయిదు పది నిమిషాల్లోనే, ఏ హెచ్చరికా లేకుండా వస్తాయి. నోట్లో కర్పూరం వాసన వస్తే అనుమానమే అక్కర్లేదు.

గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. కక్కుతుండగా ఫిట్స్ వస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్ళు మరీ ప్రమాదం: రక్తంలో సోడియం పెరిగి అదే ఫిట్స్ తెప్పిస్తుంది. నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి తుడవండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. తాళాల గుత్తి చేతిలో పెడితే ఆగుతాయన్నది ఉత్తమాట, అది వెతికే లోపల 108కి ఫోన్ చేయొచ్చు. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117.

జలుబుకని కొబ్బరినూనెలో కర్పూరం కాచి పసివాళ్ళ రొమ్ముకు రుద్దడమూ మానుకోవాలి. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

కిరసనాయిలు, టిన్నరు తాగినా కక్కించకూడదు. అక్కడ దెబ్బ తగిలేది కడుపుకు కాదు, ఊపిరితిత్తులకు. దగ్గు, ఎగశ్వాస ఉన్నాయేమో ఆసుపత్రిలో కనీసం ఆరు గంటలు గమనించాలి. పొలం మందైతే చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు కనిపిస్తాయి; బట్టలు విప్పి సబ్బుతో ఒళ్ళు కడుగుతూనే బండి పిలవండి.

అన్నిటికన్నా మోసం చేసేది ఎలుకల పేస్టు. పసుపు భాస్వరం ఉన్న రకం తింటే మొదటిరోజు రెండు వాంతులై, తర్వాత బిడ్డ ఆడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. రెండు మూడు రోజులకు కళ్ళు పచ్చబడి కాలేయం దెబ్బతింటుంది. బాగానే ఉందిగదా అని ఇంటికి తెచ్చుకోకుండా, పేస్టు ట్యూబుతో సహా తిరుపతిలో రుయా పెద్దాసుపత్రికో, చిత్తూరైతే జిల్లా ఆసుపత్రికో పోయి, డాక్టరు చాలన్నదాకా కాలేయ పరీక్షలు చేయిస్తూనే ఉండాలి.